సింహాద్రమ్మ వీణయు కూర్మనాథముగారి ధ్వనియంత్రమును

నాలుగు మాసములు విజయనగర వీథులను బురదమయము గావించి ప్రతిగృహమునందును బూజువాసనను పంచిపెట్టిన జలధరములు ఎట్టకేలకు తమ కొలువు చాలించుకొని తూర్పు సముద్రము దెసకు మరలిపోవగా, ఉతికి యారవేసిన నీలివస్త్రమువలె ఆకాశము విశాలమై ప్రకాశింప, పెద్దచెరువు గట్టున రెల్లు పూచి గాలికి తలలూపుచుండ, దసరా పందిళ్ళ వెదుళ్ళనింకను విప్పని వీథులలో ఉత్సవపు బడలిక తీరని జనులు మందమందముగా మసలుచుండ, మేడలుగల గృహస్థులెల్లరు తమతమ పరుపులను బొంతలను ఊరగాయజాడీలను మిద్దెల కెక్కించి శరదాతపమునకు సమర్పించుచుండిరి.

గంటస్తంభమున కనతిదూరమున నున్న యొక చిన్నమేడపై ఆ యాదివారపు పూర్వాహ్ణమున కానవచ్చిన దృశ్యము మాత్రము తక్కిన మిద్దెలపై కానరానిది. పాతపంచె యొకటి పఱచి దానిపై నొక సగమున సింహాద్రమ్మగారి మినపవడియములును, రెండవ సగమున ఆమె భర్తయగు కూర్మనాథముగారి ట్రాన్స్‌ఫార్మర్లును కెపాసిటర్లును తీగచుట్టలును సమానగౌరవముతో ఎండుచుండెను. కాకుల భయమున ఆమె యొక నల్లగొడుగు విప్పి వడియములకడ నిలుపగా, తీగచుట్టలకు ఎండ యెక్కువగుచున్నదని భర్త దానిని తనవైపునకు జరిపెను. ఆమె వచ్చి మరల నటు జరిపెను. ఈ గొడుగుయుద్ధము మధ్యాహ్నభోజనము వఱకు నిశ్శబ్దముగా సాగి, వడియములు కొన్ని కాకులపాలై ముగిసెను.

కూర్మనాథముగారు విద్యుచ్ఛాఖయందు ఇంజనీరుగా నుండి విరమించినవారు. మితభాషి, పరమసాధువు, స్క్రూడ్రైవరు చేతనుండునంతవఱకు ఆకలిదప్పులెఱుగనివారు. పాడుశక్తిని భగవంతుడు వారికి ప్రసాదింపలేదు. స్నానమువేళ వారు తీయు కూనిరాగమును ఆలకించి సింహాద్రమ్మగారు వివాహమైన క్రొత్తలోనే యొక ఒడంబడిక చేసికొనియుండిరి. తన వంటలో ఉప్పెక్కువైనను వారు మాటాడరాదు, వారేమైనను సరే పాడరాదు. ఇట్లు కంఠమునకు నిషేధము కలుగగా వారి రసికత యంతయు చేతులలోనికి దిగి ధ్వనివర్ధకయంత్రములుగా, అనగా లోకులు ఏంప్లిఫయర్లని పిలుచు పెట్టెలుగా, పరిణమించెను. రికార్డునుండి గాని టేపునుండి గాని వెలువడు చీమంత ధ్వనిని ఏనుగంత గావించి స్పీకరున కందించుటయే ఆ పెట్టె పని. పని యింతే యైనను చేయు తీరులు వేయి యని వారి సిద్ధాంతము. వారి పెట్టెపై గాజువాల్వులు నారింజవన్నెతో వెలుగుచుండును. అందుండి వెలువడు తియ్యని నిండైన నాదము భూమండలమున మఱెందును లేదని వారి దృఢవిశ్వాసము. కాకిపిల్ల కాకికి ముద్దు గదా!

ప్రతి యాదివారము అపరాహ్ణమున మువ్వురు మిత్రులు వారి ముందుగదిలో సమావేశమగుచుందురు. పొట్నూరు సన్యాసిశెట్టిగారు వస్త్రవర్తకులు. పెన్మెత్స నరహరిరాజుగారు మామిడితోటల యజమానులు. భాగవతుల జోగారావుగారు అలంకారశాస్త్రమును చిరకాలము బోధించి, ఇప్పుడు బోధించుట కెవరును దొరకక బాధపడుచున్న పండితులు. ఈ గోష్ఠికి ఒక యాచారము కలదు. తలుపులు మూసి ఫ్యాను కట్టివేసి చెమటలు కారుచున్నను కదలక ఒక కీర్తనను వినవలెను. అది ముగిసినపిదప ప్రతివారును యంత్రపు ధ్వనిని గూర్చి ఒక్కమాట, ఒకే యొక్కమాట, చెప్పవలెను. మాట చెప్పినవారికే కాఫీ. చెప్పలేనివాడు శ్రద్ధగా వినలేదన్నమాట, విననివానికి సింహాద్రమ్మగారి కాఫీ దండుగ యని నియమము. ఆ మాటలో దోషసూచన యున్నచో కూర్మనాథముగారు వారమంతయు శ్రమించి ఆ దోషమును పరిహరించి మఱుసటి యాదివారమునకు యంత్రమును సంస్కరింపవలెను.

ధ్వనిని వర్ణింపుమన్నచో మానవునకు తన వృత్తియే ముందు తోచును. శెట్టిగారు 'గంజి' యన్నచో ప్రతిస్వరమును బిఱుసై పుట్టిన వెంటనే తెగిపోవుచున్నదనియు, 'నేత పలచన' యన్నచో క్రింది స్థాయిలో మృదంగపు తొప్పివైపు దమ్ము చాలలేదనియు అర్థము. రాజుగారి నోట 'పచ్చి' యనగా తారస్థాయి మితిమీఱి చెవిని కొఱుకుచున్నదనియు, 'పండింది' యనగా ఆ కొఱుకుదనము తగ్గి మధ్యస్థాయి నిండుకొన్నదనియు, 'పీచు' యనగా నాదపు నున్నదనమున నేదో గరుకు తగులుచున్నదనియు తెలియవలెను. జోగారావుగారు 'ప్రసాద' మన్నచో వయొలిను వేఱు గాత్రము వేఱు స్పష్టముగా తెలియుచున్నవని భావము. 'అవకాశ' మన్నచో వాద్యమునకు వాద్యమునకు నడుమ గాలి యాడుచున్నదని భావము. ఈ పరిభాషను కూర్మనాథముగారు తమ మనస్సులో ఓములలోనికిని వోల్టులలోనికిని తర్జుమా చేసికొందురు. ఎవరైన క్రొత్తవారు వాకిట నిలిచి ఆలకించినచో ఇది సంగీతగోష్ఠియో బట్టలకొట్టో మామిడిమండియో తెలియక దిగ్భ్రమ చెందవలసినదే. అయినను ఆ నలువురకును ఒకరిమాట ఒకరికి చక్కగా బోధపడుచుండెను. స్నేహమున కింతకంటె వేఱు నిఘంటు వేల?

ఇక సింహాద్రమ్మగారి మాట. ఆమె పుట్టినిల్లు బొబ్బిలి. పనసమ్రాను నొకదానిని తొలిచి మలచిన ఏకాండివీణతో ఆమె అత్తవారింట నడుగిడెను. ఆ వీణానాదముతోనే ఆ యింట ప్రాతఃకాలములు ప్రారంభమగుచుండెను. కూర్మనాథముగారు ప్రక్కగదిలో తీగలతికించుకొనుచు దానిని వినుచుండిరి, కాదు, అది వారికి వినబడుచుండెను. కొన్నేండ్ల క్రిందట ఆమె వ్రేళ్ళ కీళ్ళు వాచి బిగిసికొనిపోయెను. మందులును తైలములును పనిచేయవయ్యెను. ఒకనాడామె వీణకు గలీబు తొడిగి బీరువాప్రక్క నిలిపి, వంటయింటిలోనికి పోయి, యెప్పటికంటె బిగ్గరగా గిన్నెలు తోమించెను. ఆనాటినుండి వీణమాట ఆమె యెత్తలేదు. నవ్వుచునే యుండెను, వేళకు కాఫీ నిచ్చుచునే యుండెను, కాని ఆ యింటిలో నేదియో తఱిగినదని కూర్మనాథముగారికి తెలియును. దానినెట్లు పూడ్చవలయునో మాత్రము తెలియదు.

ఇట్లుండ దసరాకు ముందు బొబ్బిలినుండి ఆమె తమ్ముడొక స్పూలు టేపును తెచ్చియిచ్చెను. సింహాద్రమ్మగారు కన్యగా నున్ననాడు ఇంటికి టేపురికార్డరు తెచ్చిన బంధువొకడు ఆమె వాయించిన కేదారగౌళరాగ కీర్తనను అందు పట్టియుంచెనట. అది యిన్నాళ్ళును అటకమీద పాతయిత్తడిబిందెలో నిద్రించుచుండెను. కూర్మనాథముగారి యానందమునకు మేరలేకపోయెను. ఆమె వ్రేళ్ళను తాను బాగుచేయజాలకపోయినను ఆ వ్రేళ్ళు పలికించిన నాదమును తన యంత్రముచే ఆమెకు మరల నర్పింపవచ్చునుగదా యని ఉప్పొంగి, వెంటనే ఆమెను పిలిచి కుర్చీలో కూర్చుండబెట్టి టేపు నడిపిరి. ఆలాపన సగమైనను కాకమునుపే ఆమె లేచి నిలిచెను.

"ఇది నా వీణ కాదండీ."

"నీది కాకపోవడమేఁవిటి? డబ్బామీద నీ పేరుందిగా!"

"పేరు నాదేనండీ. వీణే నాది కాదు. ఎవరో నెయ్యిలో వేయించి తీసినట్టుంది." ఆమె నవ్వుచునే పలికి వాచిన వ్రేళ్ళను పైటచెఱగున దాచుకొనెను. "నాకు మిగిలింది ఇదొక్కటీనండీ. ఇది కూడా ఇలా చెవిలో పడిపోతే, రేపు నా వీణ ఎలా ఉండేదో నాకే గుర్తుండదు. ఇంకొక్కసారి వింటాను. మీరంతా కలిసి బాగుచేశామనుకున్నాక పిలవండి. అప్పుడూ ఇలాగే ఉంటే కార్తీకంలో తమ్ముడొస్తాడు గదా, వాడికిచ్చి పంపించేద్దాం. మళ్ళీ నా చెవిన పడకూడదు."

 భార్య మాట తప్పునది కాదని కూర్మనాథముగారికి తెలియును. కావున ఆ టేపు ఆమెయొద్ద నిలుచుటయో తొలగుటయో తన చేతులలో నున్నదని గ్రహించి, మఱునాటి గోష్ఠిలో మిత్రుల కంతయు నివేదించి శరణుచొచ్చిరి. మిత్రులు యుద్ధమునకు వెడలు వీరులవలె కుర్చీలలో నిటారుగా కూర్చుండిరి. కేదారగౌళ మ్రోగి ముగిసెను.

"పీచండి," అని రాజుగారు తీర్పు చెప్పి, కాఫీ అందుకొనిన పిదప వివరించిరి. "అమ్మగారి చెయ్యి అమృతవేనండి. కానైతే స్వరం స్వరానికీ మొదట్లో ఏదో గీరుతోందండి. పీచుమామిడి పంటికి తగిలినట్టు."

"నాదీ అదేనండి బాబూ. గంజి!" అనిరి శెట్టిగారు. "కొత్త తాను చేత్తో పట్టుకుంటే గరగరలాడతాది చూడండి, అలాగన్నమాట. ఒక్క ఉతుకు ఉతికితే పోతాది."

"మార్దవము చాలదు," అని జోగారావుగారు కన్నులు మూసికొని ముగించిరి.

మువ్వురును ఒక్కచోటనే దోషమును పట్టియుండగా ఇక సందేహమేల? కూర్మనాథముగారు వారమంతయు శ్రమించి, తారస్థాయి యొక్క కొసను కత్తిరించి, ఆ గీరుడును సగము మాపిరి. రెండవవారమున, స్వరమునుండి స్వరమునకు జాఱునపుడు సన్నని కీచుధ్వని యొకటి వినబడుచున్నదని రాజుగారు మొగము చిట్లించిరి. దానిని మాన్పిరి. అటుపిమ్మట వాద్యమువెనుక నేదియో టకటకయను అలికిడి వినవచ్చుచున్నదని శెట్టిగారనగా, అది టేపుపై పేరుకొన్న దుమ్మని నిర్ణయించి దానిని గూడ నణచిరి. ఎండబెట్టిన కెపాసిటర్లలో మేలైనవానిని ఏర్చి మధ్యస్థాయికి పుష్టి కలిగించిరి. యంత్రమునుండి వచ్చు నాదము నానాటికి నునుపెక్కి, పాకము ముదిరి, జున్నువలె మెత్తబడెను. తుదకొక యాదివారమున రాజుగారు "పండింది" అనియు, శెట్టిగారు "పట్టు" అనియు, జోగారావుగారు "మాధుర్యము" అనియు ఏకకంఠముగా ప్రశంసించిరి. దోషసూచన లేని యాదివారము ఆ గోష్ఠి చరిత్రమున నదియే మొదటిది. కూర్మనాథముగారు తమకుతామే కాఫీ నింకొకటి మంజూరు చేసికొనిరి.

ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని పెద్దలనిరి. కూర్మనాథముగారు ముందు రచ్చ గెలిచి ఆ యూపుతో టేపును మరల నడిపి ఇంటివైపు తిరిగిరి. అప్పుడే కాఫీపళ్ళెముతో గడప దాటి లోనికి వచ్చుచున్న సింహాద్రమ్మగారి చెవిని కీర్తన తుదిభాగము సోకెను. ఆమె నిలిచి, జాలిగా తల ప్రక్కకు వాల్చి ఆలకించి, "ఎవరిదండీ ఆ వీణ? పాపం, జలుబు చేసినట్టుంది," అనెను.

శెట్టిగారికి కాఫీ కొఱపోయెను. రాజుగారు కిటికీలోనుండి లేని మామిడిచెట్టును చూడసాగిరి. కూర్మనాథముగారు మాత్రము న్యాయవాదివలె లేచి నిలిచి, పళ్ళెము చేతబట్టుకొని నిలువుకాళ్ళపై విన్నది వినుట కాదనియు, కూర్చుండి విన్ననే అది లెక్కకు వచ్చుననియు వాదించిరి.

"సరే, నిలబడి విన్నది లెక్కలోకి రాదు లెండి," అని ఆమె నవ్వి యొప్పుకొనెను. "కార్తీకం దగ్గరకొచ్చేసింది సుమండీ."

ఆనాడు మిత్రులు కాఫీకప్పులు చప్పుడు కాకుండ దించి, చెప్పులు చేతబట్టుకొన్నంత మెల్లగా వెడలిపోయిరి.

మఱునాటి యుదయమున కూర్మనాథముగారు వంటయింటి గడపపై చతికిలబడిరి. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదను సామెతను ఆ యింటివలె సార్థకము చేసిన యిల్లు మఱియొకటి యుండదు. వీణ యెట్లుండవలెనని వారు బట్టలవర్తకు నడిగిరి, తోటయజమాను నడిగిరి, పండితు నడిగిరి. వీణ వాయించినయామె పదియడుగుల దూరమున పోపు పెట్టుచుండగా ఆమెను మాత్రము అడుగలేదు. ఈ సంగతి వారికి తెల్లవారుజామున పండ్లుతోముకొనుచుండగా స్ఫురించెను. స్ఫురించినంతనే సిగ్గు వేసెను.

"సింహాద్రీ, నీ వీణ ఎలా ఉంటుందే?"

ఆమె గరిటె నిలిపి చూచెను. "పెళ్ళయిన ఇన్నాళ్ళకి అడిగారు!"

"మాటల్లో చెప్పు. సరిచేస్తాను."

"మాటల్లో చెప్పేదయితే వాయించడమెందుకండీ?" అనియెను గాని, పొయ్యి కట్టివేసి చేతులు తుడుచుకొని పోయి వీణకు గలీబు తీసెను. ఎన్నియో ఏండ్ల ధూళి ఎగసెను. తంత్రు లొకింత దిగియుండెను. ఆమె నేలపై చాపవేసికొని కూర్చుండి, వీణను ఒడికి చేర్చి, బిగిసిన చూపుడువ్రేలిని అతిప్రయత్నముమీద వంచి ఒకే యొక్కమారు తంత్రిని మీటెను. కూర్మనాథముగారు మోకాళ్ళపై వంగి చెవిని చేర్చి, జీవితమున మొట్టమొదటిసారి ఆ వీణను యంత్రము లేకుండ, చేత పనిముట్టు లేకుండ, చెంతనుండి వినిరి.

మొదట గోరు తీగను గీరిన గరుకుచప్పుడు, దానిని త్రోసికొని నాదము. ఆ నాదమును ఆమె ఎడమవ్రేలు మెట్టుపైనుండి మెట్టుపైకి జరుపగా నడుమ సన్నని కీచుధ్వని.

"విన్నారా? ఆ గీరుడే గోరండీ. అది లేకపోతే స్వరం ఎక్కడ పుట్టిందో తెలీదు. మా గురువుగారు కళ్ళు మూసుకుని ఆ గీరుడు విని ఏ వేలితో మీటానో చెప్పేసేవారు. ఈ కీచుమన్నది నా వేలు మెట్టు దాటడం. దాన్ని వినే, జారు సరిగ్గా వచ్చిందో లేదో నేను పట్టుకునేదాన్ని."

 కూర్మనాథముగారి మిత్రులెల్లరు వీణను సభలలో దూరమునుండి మైకులద్వారా విన్నవారే గాని చాపపై చెంతగూర్చుండి విన్నవారు కారు. కావున వాద్యముపై ఆడు చేతి యలికిడిని యంత్రపు దోషమని భ్రమించిరి. ఒకరిమాట నొకరు బలపఱచిరి. ఆ మాటలను వేదవాక్యములుగా గైకొని తాము వారమువారమును దేనిని పరిహరించిరో ఇప్పుడు కూర్మనాథముగారికి బోధపడెను. పీచును కాదు, గంజిని కాదు. భార్య గోళ్ళను మొదట తీసివేసి, తరువాత వ్రేళ్ళను తీసివేసి, మిగిలిన నేతిముద్దను మాధుర్యమని పూజించిరి. అంతకు పూర్వమైనను ఆ యంత్రము చేసినపనియే అది. దానికి తాము ముద్దుగా పెట్టుకొన్న పేరు తియ్యదనము.

"నీ వేళ్ళు నేనే తీసేశానే," అని వారు పలికిరి. గడపవైపు మొగము త్రిప్పుకొనిరి. కన్నులు చెమ్మగిల్లెను.

"గోళ్ళు తీస్తే మళ్ళీ పెరుగుతాయి లెండి," అని ఆమె అనునయించెను. "లేవండి, పప్పు మాడుతోంది."

ఆనాటినుండి ఆ యింట సంస్కరణము వేఱుదారి పట్టెను. ప్రతిప్రాతఃకాలమున కాఫీ యైన తరువాత సింహాద్రమ్మగారు నొప్పి సహించుకొని ఒక్కమీటు మాత్రము మీటుదురు. దానిని చెవిలో నిలుపుకొని కూర్మనాథముగారు యంత్రముకడకు పోయి టేపులోని మీటుతో పోల్చిచూతురు. ఏది తక్కువైనదో వెదకి, ఎక్కువైనదానిని ఊడదీయుదురు. కలిపినదానికంటె తీసివేసినదే అధికమయ్యెను. చిరకాలము కన్నబిడ్డవలె సాకిన తియ్యదనమును ఊడదీసిననాడు వారికి భోజనము సహించలేదు. దానిని చూచియు చూడనట్లు ఆమె ఆనాడు పెరుగులో మీగడ నెక్కువగా వడ్డించెను. ఆమెకు చేతినొప్పి యని తెలిసియు మీటుమని యడుగుటకు వారికి ప్రాణమొప్పకుండెను. అడుగకపోయిన దినమున ఆమెయే వీణ ముందు పెట్టుకొని "రారేఁవండీ, ఆలస్యమవుతోంది," అని పిలుచుచుండెను. ఆ పిలుపులో ఏండ్లుగా వినబడని యుత్సాహము వినబడుచుండెను.

కార్తీకము వచ్చెను. బొబ్బిలినుండి తమ్ముడును వచ్చెను. టేపుకొఱకు తెచ్చిన గుడ్డసంచి నొకదానిని ఒడిలో పెట్టుకొని ఆతడు ద్వారముకడ బెంచీపై కూర్చుండెను. మిత్రులు మువ్వురును తాము చేసిన ఘనకార్యమును కూర్మనాథముగారివలన వినియుండుటచే అపరాధుల తీరున గోడకానుకొని కూర్చుండిరి. సింహాద్రమ్మగారు స్నానముచేసి నేతచీర కట్టుకొని వచ్చి, కుర్చీని ప్రక్కకు నెట్టి, నేలపైననే చాపవేసికొని కూర్చుండెను. ఫ్యాను నిలిచెను. టేపు తిరుగసాగెను. 

గోరు తీగను గీరెను. కేదారగౌళ మేల్కొనెను.

ఎవరును కదలలేదు. ఆలాపన ముగిసి కీర్తన యెత్తుకొనెను. చరణముకడ సింహాద్రమ్మగారి పెదవులపై చిఱునవ్వొకటి మెఱసి మాయమయ్యెను. ఆమె లేవలేదు. తుదివఱకును లేవలేదు. టేపు ఆగి కొస టపటపలాడుచుండినను గదిలో నెవరికిని దానిని ఆపవలయునని తోపలేదు.

కూర్మనాథముగారు ఒకరితరువాత నొకరి మొగమును చూచిరి. ఆచారము ప్రకారము ఇప్పుడు మాటలు రావలెను. పండిందియో పట్టో ప్రసాదమో, కడకు పీచైనను సరే, ఒక్కమాట రావలెను. రాలేదు.

రాజుగారు ముందునకు వంగిరి. 

"అమ్మా, మరి ఆ వెనకాల తాళం వేస్తున్నదెవరండి? గాజుల చప్పుడు వినబడుతోందండి."

ద్వారముకడనున్న తమ్ముడు దిగ్గున లేచెను. "అక్కా! అమ్మ!"

"అమ్మేరా," అనెను సింహాద్రమ్మగారు. దుమ్మని యణచివేయబడిన టకటక యదియే. "నేను వాయిస్తుంటే గుమ్మంలో కూచుని తొడమీద తాళం వేసేది. చరణంలో నాకు ఎప్పుడూ ఒకచోట తప్పు పోయేది. అక్కడికి రాగానే అమ్మ గాజులు ఆపేసి గుడ్లురిమేది. ఇందులోనూ ఆపింది, విన్నారా? తప్పు వాయించాను మరి!"

ఆమె పకపక నవ్వెను. నవ్వుచునే పైటచెఱగుతో కన్నులు తుడుచుకొనెను. అమ్మ చెవులకు రవ్వలదుద్దులు లేవుగాని చేతినిండ గాజులుండవలెననెడిదనియు, గాజులవాడు వీథిలోనికి వచ్చినచో వంట సగములో విడిచి పరుగెత్తెడిదనియు తమ్ముడు చెప్పెను. శెట్టిగారికి తమ తల్లి జ్ఞప్తికి వచ్చెను. ఆమె కొట్టుకు వచ్చి బేరమాడి తమ కొట్టులోననే తమచేత ధర తగ్గించిన వృత్తాంతమును ఆయన చెప్పగా అందఱును నవ్విరి. తప్పెక్కడ పోయినదో తమకు తెలియలేదని జోగారావుగారనగా, సింహాద్రమ్మగారు ఆ స్వరములను నోటితో పలికి చూపెను. ముందుగది యంతయు నొక పెండ్లియిల్లయ్యెను.

ఈ కోలాహలమున యంత్రకర్తను పలుకరించినవాడు లేడు. కూర్మనాథముగారు కొంతసేపు నవ్వుటకు ప్రయత్నించిరి. పిదప చిన్నబుచ్చుకొనిరి. ఇంత శ్రమకు ఒక్క విశేషణమైనను దక్కకపోవుట యెంతటి యోగికైనను కష్టముగదా. తుదకు ఉండబట్టజాలక, పెండ్లిలో పిలుపు మఱచిన వియ్యంకునివలె ముందునకు వచ్చి యడిగిరి.

"అంతా బాగానే ఉంది. మరి యంత్రం సంగతి ఎవరూ ఒక్కమాట చెప్పరేం?"

మిత్రులు మొగమొగములు చూచుకొనిరి. శెట్టిగారు నోరు తెఱచి మూసిరి. "నిజఁవేనండి బాబూ. ఏటీ తోచడం లేదు," అని ఒప్పుకొనిరి. అలంకారశాస్త్రమును తలక్రిందులుగా వల్లింపగల జోగారావుగారు సైతము తల గోకికొనిరి. కూర్మనాథముగారు ఆశ చంపుకొనజాలక భార్యవైపు తిరిగిరి.

"నువ్వైనా చెప్పు సింహాద్రీ. యంత్రం ఎలా ఉంది?"

ఆమె కన్నులార్పి, ఆ గదిలో అటువంటిదొకటి యున్నదా యన్నట్లు వాల్వుల వెలుగువైపు చూచి, నొచ్చుకొనుచు పలికెను. "అయ్యో, యంత్రమా! దాన్ని చూసుకోనే లేదండీ. అమ్మ దగ్గర కూచుండిపోయాను."

 ఆ మాట మెల్లగా కూర్మనాథముగారిలోనికి దిగెను. దిగినకొలది వారి మొగము విప్పారెను. ఎన్నియో యాదివారములుగా ఎన్నియో నోళ్ళనుండి తాము కోరి తెచ్చుకొన్న మాటలలో, ఓములలోనికిని వోల్టులలోనికిని తర్జుమా చేయుట కలవిగాని మాట యిదొక్కటియే. ఇంతకంటె పెద్ద బిరుదము ధ్వనియంత్రమునకు లేదని వారికి నిశ్చయమయ్యెను. వారు టేపును వెనుకకు త్రిప్పి మరల మొదటినుండి నడిపిరి. ఈమాఱు తామును చాపకొసను కూర్చుండి, యంత్రము ఇంట లేనట్లే, భార్య వాయించిన వీణను వినిరి.

లోకమున కొన్ని పనులు చక్కగా నెఱవేఱినపుడు చేసినవాని యానవాలు మిగులదు. కంటియద్దము కంటబడుచున్నంతకాలము దానిపై నేదో మఱక యున్నదన్నమాట, తుడిచినపిదప కనబడునవి యెదుటివారి మొగములే. ధ్వనికి మనుజులు పెట్టిన పేర్లన్నియు యంత్రమున కింకను కొంత పనియున్నదని తెలుపుటకే గాని మఱియొకందులకు కావు.

చరణము వచ్చెను. తప్పుకడకు రాకమునుపే సింహాద్రమ్మగారు నవ్వు నాపుకొనుచు బిగిసిన చేతితో తొడపై తాళము వేయసాగెను. టేపులోని గాజులాగినచోట ఆమెయు చేయి యాపెను. తమ్ముడు మాపటి బండికి ఖాళీసంచితో బొబ్బిలి పోయెను.